టెట్ సైకాలజీ వీకెండ్ బ్యాచ్: మార్కులకు నాలుగు స్టార్లు, క్లాసుకు రెండే

మొదటి ఆదివారం పొద్దున నేను హాల్లోకి అడుగుపెట్టగానే ముందు బెంచీలో కూర్చున్న ఇద్దరమ్మాయిలు లేచి నిలబడి గుడ్ మార్నింగ్ మేడమ్ అన్నారు. ఫ్యాకల్టీ అనుకున్నారు పాపం. నేను వెళ్లి వాళ్ల పక్కనే బ్యాగు పెట్టుకుని కూర్చునేసరికి ఒకమ్మాయి నాలుక కరుచుకుంది. ఇరవై ఏళ్లు సుద్దముక్క పట్టుకున్న చేత్తో మళ్లీ పెన్ను మూత తీసి సైకాలజీ నోట్సులో "పియాజే" అని హెడ్డింగు రాసుకోవడం ఎలా ఉంటుందో నాలాంటి వాళ్లకే తెలుస్తుంది.

నాది 2003 డీఎస్సీ, సర్కారు టీచర్ల సెలక్షన్ అదే. అప్పటికి టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష, అనే మాటే లేదు, ఉమ్మడి రాష్ట్రంలో మొదటి టెట్ పెట్టిందే 2011లో. అయితే 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, రిటైర్మెంటుకు అయిదేళ్లకు మించి సర్వీసు ఉన్న టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాసవ్వాలని చెప్పడంతో మా కాంప్లెక్స్ మీటింగుల్లో ఇక వేరే టాపిక్కే లేదు. ఎవరు ఎక్కడ చేరారు, ఎవరి మెటీరియల్ బాగుంది, కంప్యూటర్‌లో పరీక్షట కదా మౌస్ పట్టుకోవడం వచ్చా, ఇవే మాటలు. నేను ఎస్జీటీని, అంటే ప్రైమరీ టీచర్ని, కాబట్టి పేపర్ 1 రాయాలి. 150 బిట్లు, 150 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. లెక్కలు, తెలుగు, పరిసరాల విజ్ఞానం రోజూ చెప్పేవే, ఇంగ్లిష్ ఎలాగోలా నెట్టుకొస్తాను. భయమంతా ఆ 30 మార్కుల శిశు వికాసం, పెడగాజీ (అంటే బోధనా పద్ధతులు) మీదే. టీటీసీలో ఎప్పుడో చదివింది, పావ్‌లోవ్ కుక్క తప్ప ఏదీ గుర్తు లేదు.

అందుకే దిల్‌సుఖ్‌నగర్ వైపున్న ఒక కోచింగ్ సెంటర్లో సైకాలజీ వీకెండ్ బ్యాచ్‌లో చేరాను. పేరు రాయను. అక్కడ అలాంటివి వీధికి నాలుగున్నాయి, తేడా బోర్డు రంగులోనే. ఫీజు 5,500. ఎనిమిది ఆదివారాలు, పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట వరకు క్లాసులు, మూడు పుస్తకాల మెటీరియల్, పది మాక్ టెస్టులు, యాప్‌లో రికార్డెడ్ క్లాసులు ఆరు నెలలు. రసీదు ఇచ్చారు, అది మెచ్చుకోవాల్సిన విషయమే. హాల్లో సుమారు 180 మంది, ఏసీ ముందు నాలుగు వరసలకే తగులుతుంది. ఆడవాళ్లకు ఒకటే బాత్రూం, బ్రేకు పదిహేను నిమిషాలు. లెక్క మీరే వేసుకోండి.

ఇక చదువు సంగతి. మెయిన్ ఫ్యాకల్టీ కుర్రాడే, ముప్పై కూడా ఉండవు. గొంతు ఉంది, ఊపు ఉంది, ఎనిమిదింటికి నిద్రమొహాలతో కూర్చున్న జనాన్ని నవ్వించి లేపే నేర్పు ఉంది. ఆయన పద్ధతంతా కోడ్లే. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పియాజే చెప్పిన దశలు నాలుగూ గుర్తుండాలంటే "ఇంటి పూలు మూటగట్టి అమ్ము". ఇంద్రియ చాలక, పూర్వ ప్రచాలక, మూర్త ప్రచాలక, అమూర్త ప్రచాలక, అయిపోయింది. చచ్చినా మర్చిపోరు. నేను ఇప్పుడు గిన్నెలు తోముతూ కూడా అదే అనుకుంటున్నాను. కోడ్లను చూసి ముక్కు విరిచే పెద్దమనుషులు ఉంటారు కానీ నేను విరవను, ఎందుకంటే నాకు అవి నిజంగా పనికొచ్చాయి. పనికి రావడానికి కారణం మాత్రం ఆ కోడ్ కాదని తర్వాత అర్థమైంది. మూర్త ప్రచాలక దశ, అంటే కళ్లెదుట వస్తువు ఉంటేనే ఆలోచన సాగే వయసు, అనగానే నాకు మా మూడో తరగతి పిల్లల మొహాలు కనపడతాయి, వాళ్లు చేసే తప్పులు కనపడతాయి, కోడ్ వాటికి తగులుకుని నిలబడింది. కొత్తది ఎక్కాలంటే తలలో ముందే దానికి చోటుండాలని ఆసుబెల్ చెప్పింది ఇదేనేమో. నా పక్కనమ్మాయికి బడి అనుభవం లేదు, తనకు అవే కోడ్లు రెండో ఆదివారానికే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చేత్తో చేసి నేర్చుకునే బ్రూనర్ క్రియాత్మక దశను తీసుకెళ్లి పియాజే ఖాతాలో వేసేసింది.

మెటీరియల్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ప్రింటు బాగుంది, కాగితం బాగుంది, లోపల సరుకు కలగూరగంప. చదువు లక్ష్యాలను మెట్లుగా పేర్చిన బ్లూమ్ పట్టిక రెండు చోట్ల ఉంది. ఒక పేజీలో చివరి మెట్టు మూల్యాంకనం, ఇంకో పేజీలో సృజించడం. ఒకటి 1956 నాటి పాత వర్గీకరణ, రెండోది 2001లో సవరించినది అని ఒక్క లైను రాస్తే సరిపోయేది. రాయలేదు. పిల్లలు, అంటే మా బ్యాచ్ పిల్లలు, అచ్చుతప్పనుకుని ఒకదాన్ని కొట్టేసుకున్నారు. తెలివి ఒకటి కాదు, చాలా రకాలు అన్న గార్డనర్ బహుళ ప్రజ్ఞ పాఠం కిందే "చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు, చేసి నేర్చుకునేవారు" అని మూడు బాక్సులు గీసి పెట్టారు, రెండూ ఒకటే అన్నట్టు. గార్డనరే స్వయంగా ఆ రెండూ వేరు బాబూ అని చెప్పాడు. పైగా పిల్లాడి "స్టైల్" కనిపెట్టి దానికి తగ్గట్టు పాఠం చెబితే ఎక్కువ నేర్చుకుంటాడనడానికి పరిశోధనల్లో గట్టి రుజువు దొరకలేదు. అయినా ఇన్‌సర్వీస్ ట్రైనింగుల్లో కూడా మాకు అదే పాడతారు కాబట్టి కోచింగ్ వాళ్లను మాత్రమే తిట్టి లాభం లేదు.

స్కఫోల్డింగ్, అంటే పిల్లాడికి కావాల్సినంత ఆసరా ఇచ్చి మెల్లగా తప్పుకోవడం, దాని దగ్గర ఇంకో గమ్మత్తు జరిగింది. ఆ మాట వైగోట్స్కీదే అని బోర్డు మీద రాశారు. వైగోట్స్కీ అనే ఆ రష్యా సైకాలజిస్టు 1934లోనే, 37 ఏళ్లకే పోయాడు. ఆ మాట ఈ అర్థంలో వాడుకలోకి వచ్చింది 1976లో వుడ్, బ్రూనర్, రాస్ ముగ్గురూ కలిసి రాసిన వ్యాసంతో. ఇంట్లో మా అబ్బాయి వెతికి పెడితే చదివాను. బ్రేకులో వెళ్లి అడిగాను. ఆయన నవ్వి, "మేడమ్, కీలో వైగోట్స్కీ అని ఉంటే మనకు వైగోట్స్కీయే" అన్నాడు. కోపం రాలేదు నాకు. 5,500 తీసుకుని ఆయన అమ్ముతున్న సరుకేంటో అంత నిజాయితీగా ఇంకెవరూ చెప్పరు.

మూడో ఆదివారం మాత్రం వేరే. ఆ రోజు మెయిన్ సార్‌కు ఏదో పెళ్లి ఉండి, డైట్‌లో, అంటే సర్కారు టీచర్ ట్రైనింగ్ కాలేజీలో, లెక్చరర్‌గా చేసి రిటైరైన ఒక మేడం వచ్చారు. చేతిసంచిలోంచి రెండు స్టీలు గ్లాసులు, ఒక వెడల్పాటి గిన్నె, వాటర్ బాటిల్ తీసి బల్ల మీద పెట్టారు. కన్జర్వేషన్, మన పుస్తకాల్లో పదిలపరచుకునే భావన అంటారే, అంటే ఆకారం మారినా పరిమాణం మారదన్న ఎరుక, అది. రెండు గ్లాసుల్లో సమంగా నీళ్లు పోసి, ఒకదాన్ని గిన్నెలోకి ఒంచి, ఇప్పుడు ఎందులో ఎక్కువ అని అడిగితే పూర్వ ప్రచాలక దశలోని (ఏడేళ్ల లోపు) పిల్లలు పొడుగు గ్లాసునే చూపిస్తారు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఆవిడ అక్కడితో ఆపలేదు. పియాజే ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగేవాడు కదా, ఒంచకముందు ఒకసారి, ఒంచాక ఒకసారి, మరి మీ బడిలో టీచరు అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగితే పిల్లలకు ఏమని అర్థమవుతుంది అని మమ్మల్ని అడిగారు. హాలంతా ఒక్క క్షణం చప్పుడు లేదు. 1974లో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనేవాళ్లు ఇదే అనుమానంతో, నీళ్లకు బదులు బిళ్లలు రెండు సమాన వరసలు పేర్చి, పెద్దవాళ్లు కాకుండా ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి ఒక వరసను చెదరగొట్టినట్టు ఆడించి అడిగితే, చాలా మంది పిల్లలు రెండూ సమానమేనని సరిగ్గా చెప్పారట. అంటే పిల్లలకు తెలియక కాదు, మన ప్రశ్నలోనే తిరకాసు ఉందన్నమాట.

మర్నాడు బడికి వెళ్లగానే మొదట చేసిన పని అదే. మా బడిలో ఒకటి నుంచి మూడు వరకు నేనే, మొత్తం 23 మంది. ఒకటో తరగతి వాళ్లు ఏడుగురు. బండ మీద చింతగింజలు రెండు వరసలు పేర్చాను, వరసకు ఆరు. ఒక్కొక్కరినే పిలిచి, సమానమా అని అడిగి, ఒక వరసను నా చేత్తో సాగదీసి, మళ్లీ అడిగాను. అయిదుగురు పొడుగు వరసలోనే ఎక్కువున్నాయన్నారు. రెండు రోజులాగి, ఈసారి మా క్లాసు అల్లరిరాజాకు ముందే సైగ చేసి ఉంచాను. వాడు పరిగెత్తుకొచ్చి కాలితో ఒక వరసను చెదరగొట్టి పారిపోయాడు. వాడి జీవితంలో టీచరు చెప్పి మరీ చేయించిన మొదటి అల్లరి అది, ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు. అప్పుడు అడిగితే అయిదుగురిలో ముగ్గురు "గంతే ఉన్నయి టీచర్, వాడు ఊకెనే తన్నిండు" అన్నారు. మొన్న తప్పు చెప్పావు కదరా అని ఒకడిని అడిగాను. "మీరు మళ్ల అడిగిన్రు గదా టీచర్, తప్పయిందేమో అనుకొని మార్చిన" అన్నాడు.

ఏడుగురితో చేసింది పరిశోధన కాదు, నాకూ తెలుసు. రెండోసారి చేసేసరికి వాళ్లకు ఆట అలవాటై ఉండొచ్చు కూడా. కానీ ఇరవై ఏళ్లుగా నోటిలెక్కల్లో పిల్లవాడు సరైన జవాబు చెప్పినా, "ఖాయమా? మళ్లీ చెప్పు" అని గట్టిగా అడిగి, వాడు తడబడి మార్చేస్తే, చూశారా ఖాయంగా రాదు అనుకున్న మనిషిని నేను. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ మేడం క్లాసు ఒక్కటే జరిగింది, మళ్లీ పిలవలేదు. సిలబస్ ముందుకు కదలదట. యాప్‌లో ఆ రోజు వీడియో కూడా పెట్టలేదు, దాని బదులు వేరే బ్యాచ్‌ది మెయిన్ సార్ క్లాసు పెట్టారు.

రెండో సంగతి ఇంకా చిన్నది, పుస్తకంలో ఒకే లైను. "పిల్లలు పని చేస్తూ తమలో తాము మాట్లాడుకోవడాన్ని ఆలోచనకు సాధనంగా భావించినది: వైగోట్స్కీ". బిట్ నంబరు వేసి, జవాబు కింద గీత గీసి వదిలేశారు. పియాజే ఆ గొణుగుడును అహం కేంద్రక భాష అన్నాడు, వయసొస్తే అదే పోతుందన్నాడు. వైగోట్స్కీ, అది పోదు, లోపలికి వెళ్లి ఆలోచనగా మారుతుంది అన్నాడు. నేనేమో "పెదాలు కదలకుండా చెయ్యండి" అని సర్వీసంతా అరిచిన టీచరును.

ఆ లైను చదివాక ఒక పని చేశాను. అరవడం మానేసి, పక్కన కూర్చుని విన్నాను. మూడో తరగతిలో ఒకడున్నాడు, తీసివేతలు ఎప్పుడూ తప్పే, ఎర్ర ఇంటూలు పెట్టీ పెట్టీ నా పెన్నే అరిగింది. 52లోంచి 27 తీయమన్నాను. వాడి గొణుగుడు ఇలా సాగింది: రెండులోంచి ఏడు పోదు... ఏడులోంచి రెండు పోతే అయిదు... అయిదులోంచి రెండు పోతే మూడు... ముప్పై అయిదు. అదీ సంగతి. వాడికి తీసివేత రాక కాదు, పైదా కిందదా అని చూడకుండా ఎప్పుడూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు. చేసిన ప్రతి లెక్కా ఆ ఒక్క రూలు ప్రకారమే చేశాడు, పద్ధతిగా. నోరు మూయించి ఉంటే నాకు కనపడేది 35, దాని పక్కన ఇంటూ.

తర్వాత చీపురుపుల్లలు తెచ్చి పదేసి కట్టలు కట్టి రబ్బరుబ్యాండు వేశాం. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వరా అంటే రెండే ఉన్నాయని నిలబడ్డాడు, కాసేపు చూసి, కట్ట విప్పనా అని వాడే అడిగాడు. విప్పు అన్నాను. బ్రూనర్ మూడు దశల వరసనే పట్టుకుని, నాలుగైదు రోజులు పుల్లలతో, తర్వాత గీతలు గీసి, ఆ తర్వాత అంకెలతో చేయించాను. పుల్లలు ఇవ్వడం తేలికే, ఎప్పుడు లాగేసుకోవాలన్నదే కష్టం, ఆ ముక్క ఏ మెటీరియల్లోనూ ఉండదు. క్లాసులో అంకెలతోనే చకచకా చేసే అమ్మాయికి కూడా అందరితో పాటు పుల్లలు ఇచ్చాను, తను కట్టలు కట్టుకుంటూ కూర్చుని నెమ్మదించిపోయింది. తప్పు నాదే. మూడో రోజు నుంచి తనను ఒకటో తరగతి వాళ్ల దగ్గర కూర్చోబెట్టి కూడికలు చెప్పించాను. సర్వీసులో మొదటిసారి మల్టీగ్రేడ్ క్లాసు నాకు శాపంలా అనిపించలేదు.

మల్టీగ్రేడ్ అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పేస్తా. మూడు పుస్తకాలు తిరగేసినా, ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు చూసే బడిలో ఈ సిద్ధాంతాలు ఎలా వాడాలన్నదానికి ఒక్క పేరా లేదు. మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు సరిగ్గా ఈ సమస్య మీదే కార్డులు, నిచ్చెన చార్టులు తయారుచేసి, పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు మెట్టు మెట్టు ఎక్కేలా పద్ధతి కట్టారు, తమిళనాడు, కర్ణాటక బడులు ఆ బాటలో నడిచాయి. అది మాట వరసకైనా రాలేదు. స్విట్జర్లాండ్ పియాజే అత్తగారి వైపు చుట్టంలా తెలుసు మనకు, మదనపల్లె తెలియదు.

యాప్ గురించి రెండు ముక్కలు. ఆరు నెలలన్న రికార్డెడ్ క్లాసులు మూడు నెలలకే లాక్ అయిపోయాయి. ఫోన్ చేస్తే "బ్యాచ్ క్లోజ్ అయింది మేడమ్, ఎక్స్‌టెన్షన్ కావాలంటే 999" అన్నారు. మాక్ టెస్టుల కీలో నాకు కనపడినవే ఆరు తప్పులు, మెసేజ్ పెడితే బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపారు. నోటిఫికేషన్లు మాత్రం టంచనుగా వస్తాయి. "మీ 11 రోజుల స్ట్రీక్ పోబోతోంది!" అని రాత్రి పదకొండింటికి. ఒక్కోసారి ఉత్తినే "సర్‌ప్రైజ్ ర్యాంకు" అని బంగారు రంగు కప్పు. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతికే ప్రాణి ఎక్కువసార్లు మీట నొక్కుతుందని స్కిన్నర్ పావురాలతో చూపించింది నా ఫోన్లోనే అమలు చేస్తున్నారు. పునర్బలనం, అంటే బహుమతితో అలవాటు చేయించడం, ఆ పాఠం ఇంతకంటే బాగా ఏ ఫ్యాకల్టీ చెప్పలేడు.

పరీక్షలో నాకు సైకాలజీలో 30కి 24 వచ్చాయి, టెట్ గట్టెక్కింది. అందులో కోచింగ్ వాటా లేదంటే కళ్లు పోతాయి. పేర్లు, నియమాలు, దశల బిట్లు కోడ్ల పుణ్యమే, చూడగానే పెట్టేశాను. కానీ పోయిన ఆరులో నాలుగు, "ఒక ఉపాధ్యాయుడు తరగతిలో ఇలా చేశాడు, తర్వాత ఏం చేయాలి" రకం. అలాంటివి మాక్ టెస్టుల్లో టెస్టుకు రెండో మూడో ఉన్నాయి, అసలు పేపర్లో అంతకంటే ఎక్కువే తగిలాయి. నాలుగింటిలో రెండిటికి నేను నిజంగా క్లాసులో చేసే పని పెట్టి పోగొట్టుకున్నాను, అది వేరే కథ.

ఎవరు చేరొచ్చంటే, బీఈడీ, డీఈడీ అయిపోయి మొదటిసారి రాస్తున్న పిల్లలు చేరండి, మార్కులు వస్తాయి, టెట్‌కు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి ప్రతి మార్కూ లెక్కే. నాలాంటి సర్వీసు వాళ్లయితే ఎవరి దగ్గరైనా పాత డీఈడీ సైకాలజీ పుస్తకం తీసుకుని, వారానికి ఒక పేజీ చదివి, దాన్ని క్లాసులో ఒకసారి చేసి చూసుకోండి, మాక్ టెస్టులు విడిగా కొనుక్కోండి, 700లో వస్తాయి. ఆ రిటైరైన మేడం ఎక్కడైనా సొంతంగా క్లాసులు చెబుతున్నారని తెలిస్తే మాత్రం నాకు కామెంట్లో చెప్పండి, ఫీజు ఎంతైనా చేరతాను.

మూడో పుస్తకం, పెడగాజీది, చేరిన రోజు ఫొటోస్టాట్ ఇచ్చి అసలు కాపీ ప్రింటింగ్‌లో ఉందన్నారు. పరీక్ష అయిపోయి రిజల్ట్ కూడా వచ్చింది. నిన్న ఫోన్ చేస్తే ఇంకా ప్రింటింగ్‌లోనే ఉందట.